స్విచ్ 2 రేటు 450 డాలర్లు.. నిజంగానే ఎక్కువా? మన చేతికి వచ్చేసరికి ఎంతవుతుంది? అసలు లెక్క ఇదీ

నాలుగే నాలుగు రోజులు.. 35 లక్షల కన్సోళ్లు! నింటెండో కొత్త గేమింగ్ కన్సోల్ స్విచ్ 2 అమ్మకాల లెక్క ఇది. 2025 జూన్ 5న మార్కెట్లోకి వచ్చిన ఈ కన్సోల్, ఇప్పటిదాకా నింటెండో చరిత్రలో ఏ కన్సోల్‌కూ లేని స్పీడ్‌తో అమ్ముడైంది. పాత స్విచ్ 2017 మార్చిలో వచ్చినప్పుడు ఆ నెలంతా కలిపి 27.4 లక్షలే పోయాయి.

విచిత్రం ఏంటంటే.. అంతకు రెండు నెలల ముందు ఇదే కన్సోల్ రేటు చెప్పగానే నెటిజన్లు ఓ ఆట ఆడుకున్నారు. ఏప్రిల్ 2న రేటు బయటపెట్టిన మర్నాడు నింటెండో కొత్త గేమ్స్‌ని లైవ్‌లో చూపిస్తుంటే, పక్కన కామెంట్ల నిండా ఒకటే మాట. 'రేటు తగ్గించండి' అని. గేమ్ ఎలా ఉందో మాట్లాడిన వాళ్లే తక్కువ.

మరి తిట్టినవాళ్లే కొన్నారా? అసలు ఈ రేటు ఎక్కువా, కాదా? మా ఇంట్లో కూడా వారం నుంచి ఇదే పంచాయితీ. మా తమ్ముడు బీటెక్ సెకండియర్. డల్లాస్‌లో ఉండే మా మేనత్త కొడుకు జూలైలో ఇండియా వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి 'అక్కా, బావకి నువ్వు చెప్పు, నేనడిగితే బాగోదు' అని ఒకటే గొడవ. డబ్బులు ఇవ్వాల్సింది మాత్రం అక్క! అందుకే ఈ లెక్కలన్నీ కాస్త శ్రద్ధగానే తీశాను.

ముందు రేట్ల సంగతి

అమెరికాలో స్విచ్ 2 విడుదల ధర 449.99 డాలర్లు. మారియో కార్ట్ వరల్డ్ గేమ్‌తో కలిపి బండిల్‌గా తీసుకుంటే 499.99 డాలర్లు ఉండేది. యూరప్‌లో 469.99 యూరోలు. బ్రిటన్‌లో 395.99 పౌండ్లు. పాత స్విచ్ 2017లో 299.99 డాలర్లకే వచ్చింది. అంటే ఒక్కసారిగా 150 డాలర్లు పెరిగింది. చూడగానే గుండె గుభేల్‌మనేది ఇక్కడే.

అయితే 2017లో 300 డాలర్లంటే ఇప్పటి 300 కాదు కదా. అమెరికా ద్రవ్యోల్బణం లెక్క కడితే అప్పటి 300 డాలర్లు 2025లో సుమారు 395 డాలర్లకు సమానం. కాబట్టి నిజంగా పెరిగింది 55 డాలర్లే అనుకోవాలి. ఆ 55 డాలర్లకి ఏం ఇచ్చారు అంటే.. 6.2 అంగుళాల 720పీ స్క్రీన్ బదులు 7.9 అంగుళాల 1080పీ స్క్రీన్, 120 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటు. 32 జీబీ స్టోరేజ్ బదులు 256 జీబీ. టీవీకి కనెక్ట్ చేస్తే 4కే దాకా వస్తుంది. పక్కన తగిలించే కంట్రోలర్లు ఇప్పుడు అయస్కాంతంతో అతుక్కుంటాయి, కింద పెట్టి జరిపితే మౌస్‌లా పనిచేస్తాయి. పాత స్విచ్ గేమ్స్‌లో చాలావరకు ఇందులోనూ నడుస్తాయి.

బ్యాటరీ మాత్రం నిరాశే. కంపెనీయే 2 నుంచి 6.5 గంటలు అని చెప్పింది. పెద్ద గేమ్ ఆడితే రెండు గంటల వైపే ఉంటుందని అర్థం. స్క్రీన్ కూడా ఎల్‌సీడీనే. 2021లో 350 డాలర్లకి ఇచ్చిన పాత మోడల్‌లో ఓఎల్ఈడీ స్క్రీన్ ఉంది మరి!

పక్క కంపెనీల రేట్లతో పోలిస్తే సీన్ ఇంకోలా ఉంటుంది. 2024 నవంబర్‌లో వచ్చిన సోనీ పీఎస్5 ప్రో విడుదల ధర 699.99 డాలర్లు. పైగా అందులో డిస్క్ డ్రైవ్ కూడా లేదు, విడిగా కొనుక్కోవాలి. మైక్రోసాఫ్ట్ అయితే 2025 మే 1న పాత ఎక్స్‌బాక్స్‌ల రేట్లే పెంచేసింది. సిరీస్ ఎక్స్ 499.99 నుంచి 599.99 డాలర్లకి, సిరీస్ ఎస్ 299.99 నుంచి 379.99 డాలర్లకి వెళ్లాయి. అప్పటికి నాలుగున్నరేళ్ల పాత మెషిన్‌కి కొత్తగా రేటు పెంచడం ఏంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. అసలు మారింది అదే.

రోజులు గడిస్తే తగ్గాల్సింది.. పెరుగుతోంది ఎందుకు?

పీఎస్2 గుర్తుందా? 2000లో అమెరికాలో 299 డాలర్లకి వచ్చింది. 2002లో 199 చేశారు. అలా తగ్గిస్తూ తగ్గిస్తూ 2009కి 99 డాలర్లకి దించారు. అప్పట్లో ఇదే పద్ధతి. మొదటి రోజు కొనేవాడు పిచ్చోడు, రెండేళ్లు ఆగినవాడు తెలివైనోడు. చిప్ తయారీ టెక్నాలజీ మారిన ప్రతిసారీ అదే చిప్ చిన్నదయ్యేది, ఖర్చు తగ్గేది. ఆ తగ్గింపులో కొంత మనకీ వచ్చేది.

ఇప్పుడు చిప్పులు చిన్నవి చేయడమే పెద్ద ఖర్చు. కొత్త తరం ఫ్యాక్టరీలో చేయించాలంటే రేటు పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు. దానికి తోడు కరోనా తర్వాత రవాణా, ముడిసరుకు, జీతాలు అన్నీ పెరిగాయి. ఇక ట్రంప్ టారిఫ్‌లు సరేసరి. స్విచ్ 2 రేటు ప్రకటించిన ఏప్రిల్ 2నే ట్రంప్ కూడా ప్రపంచం మొత్తం మీద సుంకాల లిస్ట్ చదివారు. అందులో వియత్నాంకి 46 శాతం పడింది. అమెరికా కోసం నింటెండో ఎక్కువగా తయారుచేయిస్తోంది అక్కడే! దెబ్బకి ఏప్రిల్ 9న మొదలవ్వాల్సిన ప్రీఆర్డర్లు వాయిదా వేశారు. తర్వాత ట్రంప్ 90 రోజులు ఆపి 10 శాతం చాలన్నారు కాబట్టి, ఏప్రిల్ 24న ప్రీఆర్డర్లు తెరిచారు. కన్సోల్ రేటు ముట్టుకోలేదు. కానీ విడిగా అమ్మే ప్రో కంట్రోలర్ 79.99 నుంచి 84.99 డాలర్లు అయింది. జాయ్‌కాన్ జత 89.99 నుంచి 94.99 అయింది. కన్సోల్ మీద పెంచితే న్యూస్ అవుతుంది, కంట్రోలర్ మీద పెంచితే ఎవరూ పట్టించుకోరు. బాగా ఆలోచించారు.

ఇంకో విషయం. కన్సోల్ బిజినెస్ ప్రింటర్, ఇంకు లాంటిది. మెషిన్ మీద కంపెనీకి మిగిలేది తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా. సోనీ పీఎస్5ని మొదట్లో నష్టానికే అమ్మింది. 2021 ఆగస్టులో గానీ డిస్క్ మోడల్ మీద నష్టం ఆగిందని చెప్పలేదు. అసలు సంపాదన అంతా గేమ్స్, ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్ల మీదే. బయటి కంపెనీల గేమ్ ఆన్‌లైన్ స్టోర్‌లో అమ్ముడైతే అందులో దాదాపు 30 శాతం కన్సోల్ కంపెనీకే వెళ్తుంది. కాబట్టి 'కన్సోల్ రేటు ఎక్కువా' అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. మిగతా సగం గేమ్స్.

అసలు వాత అక్కడే!

మారియో కార్ట్ వరల్డ్ విడిగా 79.99 డాలర్లు. అక్షరాలా ఎనభై డాలర్లు, ఒక్క గేమ్‌కి. యూరప్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే 79.99 యూరోలు, బాక్స్‌లో కార్డు కావాలంటే 89.99. చాలా ఏళ్లు పెద్ద గేమ్ అంటే 60 డాలర్లే ఉండేది. 2020లో పీఎస్5 వచ్చాక 70 అయింది. నింటెండో ఇప్పుడు 80 అంటోంది. వాళ్లదే డాంకీ కాంగ్ బనాంజా 2025 జూలైలో వచ్చింది, అది 69.99. అంటే అన్ని గేమ్స్‌కీ 80 కాదు. ఏ గేమ్‌ని జనం ఎలాగైనా కొంటారో దానికి 80. పాత మారియో కార్ట్ 8 డీలక్స్ 2025 మార్చి నాటికి 6.8 కోట్ల కాపీలు అమ్ముడైంది, 2017 నుంచి 2025 వరకు దాని రేటు 60 డాలర్ల దగ్గరే కదలకుండా కూర్చుంది. ప్లేస్టేషన్ గేమ్స్ ఏడాది ఆగితే సగం రేటుకి దొరుకుతాయి. నింటెండో సొంత గేమ్స్‌తో ఆ పప్పులు ఉడకవు.

ఇవి కాక చిల్లర ఖర్చులు. స్టోరేజ్ పెంచుకోవాలంటే మన ఫోన్లలో వేసే మామూలు మెమరీ కార్డు పనిచేయదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకమే కావాలి. 256 జీబీది 2025లో 60 డాలర్లు. ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే ఏడాదికి 19.99 డాలర్లు. పాత జెల్డా గేమ్ ఉన్నవాళ్లు కొత్త మెషిన్‌లో మెరుగైన బొమ్మతో ఆడాలంటే ఇంకో 9.99. చివరికి కన్సోల్ ఎలా పనిచేస్తుందో చూపించే 'వెల్‌కమ్ టూర్' కూడా ఫ్రీ కాదు, అదీ 9.99 డాలర్లే! బండి కొంటే యూజర్ మాన్యువల్‌కి విడిగా డబ్బులు అడిగినట్టుంది ఇది. నాకైతే అన్నిటికంటే ఇదే మండింది.

మొత్తం వేసుకుంటే.. బండిల్ 499.99, డాంకీ కాంగ్ 69.99, ఆన్‌లైన్ 19.99, మెమరీ కార్డు 60. మొదటి ఏడాది దాదాపు 650 డాలర్లు. 2025 జూన్‌లో డాలర్‌కి ఉన్న 86 రూపాయల చొప్పున 55,900. కన్సోల్ 38,700 కదా అని సరదాపడితే లెక్క తేలేది ఇక్కడ.

మరి జనం ఎందుకు కొన్నారు?

రేటు ఎక్కువని తేల్చేది కామెంట్లు కాదు, కౌంటర్. పాత స్విచ్ 2025 మార్చి నాటికి 15.21 కోట్లు అమ్ముడైంది. అందులో చిన్న ముక్క జనం ఎగబడినా మొదటి కొన్ని నెలలు స్టాక్ దొరకదు. జపాన్‌లో నింటెండో సొంత స్టోర్ లాటరీ పెడితే 22 లక్షల అప్లికేషన్లు వచ్చాయి. కాబట్టి మొదట్లో కొన్నది వీరాభిమానులు. మన హీరో సినిమాకి బెనిఫిట్ షో టికెట్ ఎంతైనా పెట్టి కొనే బ్యాచ్ లాంటివాళ్లు. అసలు పరీక్ష సోమవారం కలెక్షన్లతోనే. అంటే రెండో ఏడాది, మూడో ఏడాది.

ఇది నింటెండోకి తెలియని విషయం కాదు. 2011 మార్చిలో 3డీఎస్‌ని అమెరికాలో 249.99 డాలర్లకి తెచ్చారు. జనం మొహం చూడలేదు. ఐదు నెలలు తిరక్కుండానే 169.99 చేశారు. ముందే కొన్నవాళ్లు గోల చేస్తారని 20 పాత గేమ్స్ ఫ్రీగా ఇచ్చారు. అప్పటి ప్రెసిడెంట్ సతోరు ఇవాటా తన జీతం సగానికి తగ్గించుకున్నారు. ఇంకో ఉదాహరణ సోనీది. 2006లో పీఎస్3 పెద్ద మోడల్‌ని 599 డాలర్లకి పెట్టింది. 2025 లెక్కలో అది సుమారు 950 డాలర్లు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ 499, పీఎస్4 399. ఆ వంద డాలర్ల తేడాతోనే మైక్రోసాఫ్ట్ మొదటి నుంచీ వెనకబడింది. ఏడాది తిరక్కుండానే కెమెరా తీసేసి 399 మోడల్ తేవాల్సి వచ్చింది. అంటే పక్కవాడి రేటు ఎంతన్నదే ముఖ్యం. ఇప్పుడు పక్కవాళ్లిద్దరూ రేట్లు పెంచుకుంటూ పోతుంటే నింటెండోకి తగ్గించాల్సిన అవసరం కనిపించడం లేదు.

మన దగ్గరికి వస్తే..

మన దేశంలో స్విచ్ ఎప్పుడూ అఫీషియల్‌గా అమ్మలేదు. స్విచ్ 2 కూడా అంతే. ఆన్‌లైన్‌లో, కొన్ని గేమ్ షాపుల్లో కనిపించేవి బయటి నుంచి తెప్పించినవి. ఎంఆర్‌పీ ఉండదు, కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదు, గేమ్స్ కొనే ఈషాప్‌లో ఇండియా పేరే ఉండదు. అమెరికా అకౌంట్ పెట్టుకుని గిఫ్ట్ కార్డులతో నెట్టుకురావాలి. మారియో కార్ట్ ఒక్కటే దాదాపు 6,900 రూపాయలు అవుతుంది.

'38 వేల కన్సోల్‌ని ఇక్కడ అంత రేటుకి అమ్ముతున్నారేంటి, దోపిడీ' అని చాలామంది అంటారు. కొంత దోపిడీ ఉంది, కాదనను. కానీ పన్నుల లెక్క కూడా ఓసారి చూడండి. 2025 జూన్‌లో వీడియో గేమ్ కన్సోల్ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 20 శాతం ఉండేది. 2018 బడ్జెట్‌కి ముందు 10 శాతమే ఉండేది. ఆ డ్యూటీ మీద 10 శాతం సర్‌చార్జ్, అంటే ఇంకో 2 శాతం. ఆ మొత్తం మీద అప్పట్లో 28 శాతం జీఎస్టీ. 38,700 విలువ మీద ఈ పన్నులన్నీ వేస్తే 60,400 అయ్యేది. షాపువాడి లాభం ఇంకా వేయలేదు! హోల్‌సేల్‌గా తెప్పిస్తే విలువ కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి పన్ను కూడా తగ్గుతుంది. కానీ అమెరికా రేటుకి ఇక్కడ దొరకడం మాత్రం జరగని పని.

అఫీషియల్‌గా అమ్మే పీఎస్5 సంగతీ ఇంతే. 2025 జూన్‌లో అమెరికాలో 499.99 డాలర్లు, అంటే 43,000. అప్పట్లో ఇక్కడ డిస్క్ మోడల్ 54,990. ఇంకోటి మర్చిపోవద్దు. అమెరికా రేటులో సేల్స్ ట్యాక్స్ కలిపి ఉండదు, బిల్లు దగ్గర వేస్తారు. మన ఎంఆర్‌పీలో అన్నీ కలిపే ఉంటాయి.

25 వేల జీతంతో హైదరాబాద్‌లో ఉద్యోగం మొదలుపెట్టిన వాళ్లకి ఇది రెండున్నర నెలల జీతం. అమెరికాలో గంటకి 7.25 డాలర్ల కనీస వేతనం వచ్చేవాడికి కూడా 62 గంటల పని. అదే వస్తువు, కానీ భారం ఒకటి కాదు. మన కుర్రాళ్లు చేతిలో ఉన్న ఫోన్‌లో ఫ్రీ గేమ్స్ ఆడుతున్నారంటే ఇష్టం లేక కాదు.

బావతో తెప్పించుకుంటే?

మన రెండు రాష్ట్రాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇదే అందరికీ పనికొచ్చే దారి. విదేశాల నుంచి వచ్చే భారతీయులకి, భారత సంతతి వాళ్లకి 2025లో ఒక్కొక్కరికి 50,000 రూపాయల వరకు వస్తువులు డ్యూటీ లేకుండా తెచ్చుకునే వీలుండేది. దాటితే, దాటిన మొత్తం మీద 38.5 శాతం కట్టాల్సి వచ్చేది.

డల్లాస్‌లో కొంటే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. ఒట్టి కన్సోల్ 487 డాలర్లు, అంటే 41,900 రూపాయలు. మారియో కార్ట్ బండిల్ అయితే 541 డాలర్లు, 46,500 రూపాయలు. రెండూ అప్పటి 50 వేల పరిమితి లోపే! కానీ దానికి ప్రో కంట్రోలర్ కూడా కలిపితే 633 డాలర్లు, 54,400 దాటుతుంది. అప్పటి పరిమితి ప్రకారం పైనున్న 4,400 చిల్లర మీద డ్యూటీ సుమారు 1,700. ఇక్కడో తిరకాసు ఉంది. ఈ పరిమితి మనిషికి విడివిడిగానే. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వస్తున్నారు కదా అని ఒకే వస్తువుకి ఇద్దరి పరిమితీ కలిపి చూపించడం కుదరదు. బావ ఆ ట్రిప్‌లో వేరేవాళ్ల కోసం తెచ్చే ఫోన్లు, వాచ్‌లు కూడా అదే పరిమితిలోకి వస్తాయి. అంటే స్విచ్ తెమ్మంటే పిన్నిగారి వాచ్‌కి ఎసరు! ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఇదే.

ఇక జపాన్ నుంచి తెప్పిద్దాం, షాపులో జపాన్ మోడల్ చవగ్గా ఉంది అనుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. జపాన్‌లో స్విచ్ 2 విడుదల రేటు 49,980 యెన్‌లు. మన డబ్బులో 30 వేల లోపే. అమెరికా రేటు కంటే వంద డాలర్లు తక్కువ. వినడానికి అదిరిపోయింది కదా? అయితే ఆ మోడల్‌లో మెనూ భాష జపనీస్ ఒక్కటే ఉంటుంది. మార్చడం కుదరదు. జపాన్ రీజియన్ పెట్టుకున్న నింటెండో అకౌంట్ మాత్రమే దానికి లింక్ అవుతుంది. అన్ని భాషలూ ఉండే మోడల్‌ని జపాన్‌లోనే 69,980 యెన్‌లకి, అదీ నింటెండో సొంత స్టోర్‌లోనే అమ్ముతున్నారు. యెన్ విలువ పడిపోయి జపాన్ జనానికి కొనడం కష్టమైంది కాబట్టి వాళ్లకి తక్కువకి ఇచ్చారు, ఆ సరుకు బయటికి పోకుండా భాషతో తాళం వేశారు. కాబట్టి ఎవరైనా 'సగం రేటు' అంటే ముందు అడగాల్సింది ఏ మోడల్ అని.

ఇంకో తాళం గేమ్ కార్డుల్లో ఉంది. కొన్ని గేమ్స్‌కి 'గేమ్ కీ కార్డు' అని వస్తోంది. బాక్స్ ఉంటుంది, కార్డు ఉంటుంది, కార్డులో గేమ్ ఉండదు! నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడిన ప్రతిసారీ కార్డు కూడా పెట్టాలి. బాక్స్ మీద కింది భాగంలో రాసి ఉంటుంది, చూసుకుని కొనాలి. మారియో కార్ట్ కార్డులో మాత్రం గేమ్ పూర్తిగా ఉంది.

నా వరకు నాకు అనిపించింది చెబుతాను. కన్సోల్ రేటు ఎక్కువ కాదు, ఇచ్చిన సరుకుకి సరిపోయింది. గేమ్స్ రేటు ఎక్కువే, అందులో వాదన లేదు. ఇక్కడ షాపులో 60 వేలు పెట్టి, వారంటీ లేకుండా కొనడం మాత్రం దండగ. ఆ డబ్బుకి బిల్లు, సర్వీస్ సెంటర్ ఉన్న పీఎస్5 వస్తుంది, గేమ్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఆడేశాక అమ్ముకోవచ్చు. మారియో, జెల్డానే కావాలి అనుకునేవాళ్లకి వేరే దారి లేదు. ఆ గేమ్స్ ఇంకెక్కడా రావు. రేటు తగ్గాక చూద్దాం అని ఆగేవాళ్లు మాత్రం పైన చెప్పిన ఎక్స్‌బాక్స్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆగితే తగ్గుతుందన్న గ్యారంటీ లేదు.

మా ఇంట్లో పంచాయితీ నిన్న రాత్రి తేలింది. బండిల్ ఒక్కటే, కంట్రోలర్ వద్దు. స్టాక్ లేదంటే బయటివాళ్ల దగ్గర ఎక్కువ రేటుకి కొనొద్దని, స్టోర్ బిల్లు పారేయొద్దని, బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి హ్యాండ్ లగేజ్‌లోనే పెట్టుకోమని బావకి వాట్సాప్‌లో పెట్టాను. సగం డబ్బులు తమ్ముడు ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి నెలనెలా ఇస్తానన్నాడు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.